ఇంటి వాతావరణ ఫలకము: దాని లోపములు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములందు కొందఱి యిండ్లలో గోడ గడియారము ప్రక్కన ఇప్పుడు మఱియొక ఫలకము కనబడుచున్నది. అది పిల్లల పలక యంత యుండును. దాని మీద వేళయు, తేదియు, ఇంటిలోని వేడిమియు, వెలుపలి వేడిమియు, గాలిలోని తేమయు అంకెలలో చూపబడును. వీనికన్నిటికి పైన ఒక బొమ్మ యుండును. అది యొకప్పుడు సూర్యుడు, ఒకప్పుడు మబ్బు, ఒకప్పుడు చినుకులు రాలుచున్న మబ్బు. రాబోవు పండ్రెండు గంటలలోనో, ఇరువదినాలుగు గంటలలోనో వాతావరణ మెట్లుండునో ఆ బొమ్మ తెలుపునని దానితో కూడ వచ్చు కరపత్రమున వ్రాసియుండును. ఇంటి వెలుపల వ్రేలాడదీయు చిన్న డబ్బాకును, లోపలి ఫలకమునకును నడుమ తీగ యుండదు; రేడియో తరంగములే తీగ. కావుననే దీనిని నిస్తంత్రి వాతావరణ ఫలకమని పిలువవచ్చును.

ఈ వస్తువును నిందించుట నా యుద్దేశము కాదు. ఉష్ణమాపకమును, భారమితిని, తేమను కొలుచు సాధనమును ఒకేచోట కూర్చి యింత చౌకగా నిచ్చుట పూర్వులు కలలోనైన నెఱుగని సంగతి. అయినను దాని మీద నున్న అంకెలు వేఱు, బొమ్మ వేఱు. అంకెలు కొలతలు, బొమ్మ ఊహ. కొలతలో తప్పు వచ్చినను కొంచెము వచ్చును, దిద్దుకొనవచ్చును. ఊహ యట్టిది కాదు. కొన్నవారు అంకెలను వదలి బొమ్మనే చూచుచున్నారు. ధర్మవరమున రంగు వేసిన పట్టునూలును ఆరవేయుటకు ముందు ఆ బొమ్మ వంక చూచువారిని నేనెఱుగుదును. వేరుసెనగ విత్తుటకు దానినే యడుగు రైతులును లేకపోలేదు.

మన ప్రాంతమున నిది చిన్న విషయము కాదు. 2022 ఏప్రిలు 4వ తేదిని శ్రీ సత్యసాయి జిల్లా వేఱుపడుటకు ముందున్న ఉమ్మడి అనంతపురము జిల్లాలో సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి ఋతుపవనము తన నీటిని పడమటి కనుమలకే చాలవఱకు అర్పించి మనకు గాలిని మిగుల్చును. ఈశాన్య ఋతుపవనము కోస్తాను తడిపి మనయొద్దకు వచ్చుసరికి చిక్కిపోవును. రెండింటికిని నడుమ చిక్కిన నేల మనది. ఇక్కడ రైతు వాన కొఱకు చూచుట గాదు, పదును కొఱకు చూచును. మృగశిర, ఆరుద్ర కార్తెలలో రెండు చినుకులు పడగానే గొఱ్ఱు కట్టినచో, తరువాత బెట్ట వచ్చి గింజ భూమిలోనే చెడును. ఆలస్యము చేసినచో అదను తప్పును. విత్తనపు కాయల వెల తెలిసినవారికి ఈ తప్పు ఖరీదెంతయో చెప్పనక్కఱలేదు.

ఇక ఆ బొమ్మ యెట్లు పుట్టుచున్నదో చూతము.

గాలికి బరువు గలదని మీరు చదివియున్నారు. 1643లో ఇటలీ దేశస్థుడగు టారిచెల్లి పాదరసపు గొట్టముతో దానిని కొలుచు మార్గమును చూపెను. ఆ బరువు దినదినము మాఱుచుండుననియు, అది తగ్గినప్పుడు గాలివానలు వచ్చుచున్నవనియు ఐరోపావారు త్వరలోనే కనిపెట్టిరి. డార్విను ప్రయాణము చేసిన బీగిల్ ఓడకు నాయకుడైన ఫిట్జ్‌రాయ్ 1861లో ఇంగ్లాండులో తుపాను హెచ్చరికలను, పత్రికలలో వాతావరణ సూచనలను ప్రారంభించెను. 1915 ప్రాంతమున లండనులోని నెగ్రెట్టి, జాంబ్రా అను సాధన నిర్మాతలు ఒక చక్రమును తయారుచేసిరి. భారమితి యెంత చూపుచున్నది, అది యెక్కుచున్నదా దిగుచున్నదా, గాలి యే దిక్కునుండి వీచుచున్నది, ఇది యే ఋతువు అను వానిని బట్టి చక్రమును త్రిప్పినచో రేపటి వాతావరణము నొక వాక్యములో చెప్పును. నేటి యింటి ఫలకములలో ఇంటర్నెట్టుతో సంబంధము లేనివి చేయు పని ఇంచుమించు ఇదియే. అందును గాలి దిక్కును, కొన్నింట ఋతువును కూడ వదలివేసి, భారము ఎక్కుచున్నదా దిగుచున్నదా యను నొక్క ప్రశ్నతోనే సరిపెట్టుకొనును. దిగినచో మబ్బు, ఎక్కినచో సూర్యుడు.

ఇంగ్లాండు, జర్మనీ వంటి సమశీతోష్ణ దేశములలో ఈ సూత్రము కొంత పనిచేయును. ఏలయనగా అచ్చటి వానలు పడమటినుండి తూర్పునకు వరుసగా నడచివచ్చు విశాలమైన అల్పపీడనములతో వచ్చును. అట్టిది దాటునప్పుడు భారమితి ఒకటి రెండు దినములలో 20, 30 మిల్లీబారులు దిగి మరల నెక్కుట సాధారణము. (ఫలకముల మీద హెక్టోపాస్కలు అని యుండును; మిల్లీబారన్నను అదియే.) మన దేశము ఉష్ణమండలములోనిది. ఇచ్చట భారమితి కథయే వేఱు.

మన యూరిలో ఏ మబ్బును లేని చైత్రమాసపు దినమున భారమితిని గంటగంటకు చూచి వ్రాయుడు. ఉదయము సుమారు 10 గంటలకు అది యెక్కువగా నుండును. అటనుండి దిగుచు సాయంకాలము 4 గంటలకు మిక్కిలి తక్కువకు వచ్చును. మరల నెక్కి రాత్రి 10 గంటలకు మఱియొక శిఖరమును చేరి, తెల్లవాఱుజామున 4 గంటలకు మరల దిగును. సముద్రమునకు పోటును పాటును ఉన్నట్లు వాయుసముద్రమునకును దినమునకు రెండు పోటులు గలవు. అయితే దీనికి కారణము ప్రధానముగా చంద్రుని ఆకర్షణ కాదు, సూర్యుని వేడిమి. పై వాయువులలోని ఓజోనును, క్రింది వాయువులలోని నీటియావిరియు సూర్యకిరణములను పీల్చి వేడెక్కుటవలన వాయుమండలమంతయు ఊయలవలె ఊగుచున్నదని 20వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1799 మొదలు 1804 వఱకు అమెరికా ఉష్ణప్రాంతములలో సంచరించిన హంబోల్టు ఈ క్రమమును చూచి ఆశ్చర్యపడెను. అచ్చట భారమితిని చూచి వేళ చెప్పవచ్చునన్నంత నియమముగా నది నడచుచుండెను.

మన అక్షాంశములందు ఉదయపు 10 గంటలకును సాయంకాలపు 4 గంటలకును నడుమ తరుగు సుమారు 3 నుండి 4 మిల్లీబారులు. లండనులో ఈ యూగు ఒక మిల్లీబారునకు లోపలనే యుండును. అచ్చటి గాలివానల పెద్ద తరుగులలో అది కలిసిపోవును. ఇప్పుడు ఫలకము సంగతి యాలోచింపుడు. మూడు గంటలలో రెండు మిల్లీబారులు దిగినచో భారము వేగముగా తగ్గుచున్నదని లెక్కించు యంత్రములు గలవు. మన యింట ఉదయము 11 మొదలు మధ్యాహ్నము 2 వఱకు ప్రతిదినము నించుమించు అంత దిగుచున్నది. కావున ఎండ మండిపోవుచుండగా, ఆకాశమున కాకి యీక యంత మబ్బైనను లేకుండగా, గోడమీద మబ్బు బొమ్మ వెలయును. చూచినవాడు రెండు దినములు సంతోషించును. మూడవ దినమున నవ్వును.

ఇది సగము మాత్రమే. మిగిలిన సగము మఱింత విపరీతము. మే నెలలోను, సెప్టెంబరు అక్టోబరు నెలలలోను మనకు వచ్చు ఉఱుముల వానలు తఱచుగా ఏ వేళ వచ్చును? పగటి యెండకు నేల కాగి, సాయంకాలము నుండి రాత్రి మొదటి జాములలోపల. సరిగా నావేళకే భారమితి 4 గంటల పాటునుండి 10 గంటల పోటునకు ఎక్కుచుండును. కావున ఫలకము సూర్యుని చూపును. అంతేగాక ఉఱుములవాన మీదికి వచ్చినప్పుడు మేఘమునుండి చల్లని బరువైన గాలి క్రిందికి దుమికి నలుగడల వ్యాపించును. వానకు ముందు మనకు తగులు చల్లని యీదురుగాలి యిదియే. ఆ చల్లగాలి బరువునకు భారమితి యొక్కసారి పైకి లేచును. వీధిలో మోకాలిలోతు నీరు పాఱుచుండగా గోడమీద సూర్యుడు వెలుగుచుండుటకు కారణమిదియే. యంత్రము చెడలేదు, తనకు నేర్పిన పాఠమును తప్పకుండ అప్పగించుచున్నది. ఆ పాఠము వేఱొక దేశపుది.

దీనికి విరుగుడు లేదా? ఉన్నది. మన వాతావరణ శాఖవారు పటములు గీయునప్పుడు ఇప్పటి భారమును మూడు గంటల క్రిందటి దానితో మాత్రమే గాక, నిన్న యిదే వేళనున్న దానితోను పోల్చి చూతురు. ఇరువదినాలుగు గంటల నాటి అదే వేళతో పోల్చినచో పోటుపాటులు రెండు వైపులను సమముగానుండి కొట్టివేయబడును. మిగిలినదే నిజమైన మార్పు. ఈ చిన్న తీసివేతను ఫలకముల తయారీదారులు తమ లెక్కలో చేర్చుట కష్టము కాదు. చేర్చినవారు కొందఱుండవచ్చును గాని, చౌక రకములలో నది కనబడదు. మీరు చేయగలరు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు అంకెను పుస్తకములో వ్రాసి నిన్నటి దానినుండి తీసివేయుడు.

అట్లు చేసినను భారమితి మనకు చెప్పునది కొంచెమే. 2021 నవంబరు 19వ తేది తెల్లవాఱుజామున బంగాళాఖాతపు వాయుగుండమొకటి చెన్నై, పుదుచ్చేరి పట్టణముల నడుమ తీరమును దాటెను. ఆ దినములలో ఉమ్మడి అనంతపురము జిల్లాలో కుండపోతగా వర్షించి చిత్రావతి పొంగినది. జనులు వరదలో చిక్కుకొనిరి. వాయుగుండమనగా తుపాను కంటె చిన్నది. దాని కేంద్రమునందే భారపు తరుగు కొద్ది మిల్లీబారులు. తీరమునుండి యింత దూరమున నున్న మన యిండ్లలో దానివలని తరుగు దినచర్యగా వచ్చు పోటుపాటుల యూగు కంటె చిన్నదై యుండవచ్చును. మనలను ముంచు వాన మన గోడమీది భారమితికి తెలియనవసరము లేదు. అది సముద్రముపైని, ఉపగ్రహముల కంటికిని, తీరపు రాడారులకును ముందు తెలియును.

ఎత్తును గూర్చి యొక మాట. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 620 మీటర్ల యెత్తున నున్నది. ధర్మవరము సుమారు 345 మీటర్లు. గాలి బరువు పైకిపోవుకొలది తగ్గును గనుక హిందూపురమున భారమితి సాధారణముగా 940 మిల్లీబారుల ప్రాంతమునను, ధర్మవరమున 970 ప్రాంతమునను నిలుచును. తీరమున 940 యనగా మహా తుపాను మీద బడినదని యర్థము. ఫలకమును కొన్న దినముననే తమ యూరి యెత్తును దానికి తెలుపవలెనని కరపత్రములో చిన్న యక్షరములలో నుండును. దానిని చదువువారు తక్కువ. తెలుపనిచో కొన్ని యంత్రములు హిందూపురమున నిత్యము తుపానునే శంకించును. ధర్మవరమునందు సరిచేసిన యంత్రమును హిందూపురమునందలి చుట్టములకు కానుకగా పంపినచో వారికి 30 మిల్లీబారుల దిగులును కూడ పంపినట్లే. పెనుకొండ కోటకు యాత్ర పోవునప్పుడు భారమితిని వెంట గొనిపొండు. ప్రతి నూఱు మీటర్ల యెక్కుడునకు సుమారు 11 మిల్లీబారులు తగ్గుట కన్నులార చూడవచ్చును. 1565 తరువాత విజయనగర ప్రభువులు రాజధానిగా చేసికొన్న కొండమీద భౌతికశాస్త్రపు పాఠము!

ఇక వెలుపలి డబ్బా. అది వేడిమిని కొలుచునది గాలిది కావలెను. ఎండది కాదు, గోడది కాదు. రేకుల కప్పు క్రిందనో, మధ్యాహ్నపు టెండ తగులు గోడకో కట్టినచో అంకె పలు డిగ్రీలు హెచ్చును. అందుకే 1864 ప్రాంతమున థామస్ స్టీవెన్‌సన్ అను ఇంజనీరు (కథకుడగు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తండ్రి) తెల్లరంగు పూసి, గాలి యాడునట్లు వాలుపలకలు అమర్చిన పెట్టెను కల్పించెను. నేటికిని వాతావరణ కేంద్రములలో ఆ పెట్టెను నేలకు నాలుగడుగుల యెత్తున నిలుపుదురు. ఇంటి ఫలకపు కరపత్రము మాత్రము డబ్బాను ఉత్తరపు గోడకు కట్టుమని చెప్పి యూరకుండును. ఆ మాట వ్రాసినవారి యూరిలో సూర్యుడెన్నడును నడినెత్తికి ఉత్తరముగా పోడు. మన హిందూపురము 14 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము దిగువను, ధర్మవరము కొంచెము ఎగువను ఉన్నవి. ఏప్రిలు చివరనుండి ఆగస్టు నడుమ వఱకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరముగా నుండును. ఆ మూడున్నర నెలలు ఉత్తరపు గోడయే యెండ గోడ! వేసవి వేడిని కొలువదలచినవాడు సరిగా వేసవిలోనే మోసపోవును. వేపచెట్టు నీడను, గోడకు దూరముగా, గాలియాడు చోట కఱ్ఱ పాతి కట్టుట మేలు.

తేమ కొలతలో నూటికి అయిదు పాళ్ళు అటునిటు తప్పుండునని తయారీదారులే యొప్పుకొందురు. 70 అని చూపినచో 65 కావచ్చును, 75 కావచ్చును. సామాన్య గృహస్థునకు దీనివలన నష్టము లేదు. పట్టుపురుగులను పెంచువారికి నష్టము గలదు. హిందూపురపు పట్టుగూళ్ళ మార్కెట్టునకు గూళ్ళు తెచ్చు రైతులలో గదిలో ఫలకము నుంచుకొన్నవారు కొందఱున్నారు. చాకీ దశలోని చిన్న పురుగులకు 27, 28 డిగ్రీల వేడిమియు, నూటికి 85 పాళ్ళకు మించిన తేమయు కావలెను. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలును 70 పాళ్ళును చాలును. ఫలకముమీద మఱియొక చిన్న బొమ్మ యుండును: నవ్వు ముఖము, ఏడుపు ముఖము. తేమ 40 మొదలు 70 పాళ్ళ వఱకున్నచో నవ్వును, మించినచో ఏడ్చును. అది మనుష్యుని సుఖమును బట్టి యేర్పఱచినది. చాకీ గదిలో ఆ ముఖము ఏడ్చుచున్నప్పుడే పురుగులు సుఖముగా నుండును. ముఖమును నవ్వింపవలెనని కిటికీలు తెఱచినచో ఆకు వాడి పురుగు చెడును. గుంట మగ్గముమీద పట్టు నేయువారికిని ఇట్టిదే. పొడిగాలిలో పోగు తెగును.

ఫలకపు తేమ కొలతను పరీక్షించుటకు సులభమైన యుపాయము గలదు. వంట యుప్పును కొంచెము నీటితో తడిపి చిక్కని ముద్దవలె జేసి ఒక చిన్న గిన్నెలో నుంచుడు. ఉప్పు పూర్తిగా కరగిపోగూడదు. ఆ గిన్నెను డబ్బాతో కూడ మూత గట్టిగా పట్టు నొక పాత్రలో పెట్టి ఎనిమిది గంటలు కదలింపకుండుడు. నీరు డబ్బాకు తగులరాదు. లోపలి గాలిలో తేమ నూటికి 75 పాళ్ళ వద్ద స్థిరపడును. ఇది ఉప్పు గుణము, మన గదులలోని వేడిమి కొంచెము హెచ్చినను తగ్గినను మాఱదు. ఫలకము 69 చూపినచో ఆఱు కలుపుకొనవలె ననియు, 80 చూపినచో అయిదు తీసివేయవలె ననియు తెలియును. తరగతిలో దీనిని చేసి చూపినచో పిల్లలకు మఱపురాదు.

నిస్తంత్రి భాగమునందలి చిక్కులను త్వరగా చెప్పెదను. ఆరుబయట నూఱు మీటర్లు పోవునని వ్రాసిన తరంగము మన ప్రాంతపు రాతి గోడలను, ఇనుప తలుపులను, రేకులను దాటలేక పదియడుగులకే యలసిపోవచ్చును. వెలుపలి డబ్బా చెప్పుకొనిపోవుటయే గాని లోపలి ఫలకము మరల అడుగుట లేదు. ఒక మాట తప్పినచో తప్పినదే. అట్టప్పుడు కొన్ని యంత్రములు పాత యంకెనే కొంతసేపు నిలిపియుంచును. చూచువాడు అది యిప్పటిదే యనుకొనును. బ్యాటరీ క్షీణించినప్పుడును ఇదే తీరు. గడియారము సంగతి వినోదకరము. విదేశపు ఫలకములలో కొన్ని తమ వేళను జర్మనీలోని మైన్‌ఫ్లింగెను నుండి గాని, అమెరికాలోని ఫోర్ట్ కాలిన్సు నుండి గాని వచ్చు దీర్ఘతరంగ రేడియో సంకేతమువలన దిద్దుకొనును. జర్మనీ సంకేతము నమ్మకముగా చేరునది సుమారు 2,000 కిలోమీటర్ల వఱకే. పెనుకొండలోని ఫలకము ప్రతిరాత్రియు లేచి ఆ సంకేతమును వెదకి, దొరకక, బ్యాటరీని ఖర్చుచేసికొని పడుకొనును. కొన్నింట దేశకాలమును గంటల లెక్కనే మార్చవచ్చును. మన అయిదున్నర గంటలకు అచ్చట తావే లేదు. ఆ సౌకర్యమును మాన్పి వేళను చేతితో పెట్టుకొనుటయే మంచిది.

ఇంటర్నెట్టుతో కలిసిన ఫలకములు వేఱు జాతివి. వానిలోని బొమ్మ ఇంటి భారమితినుండి పుట్టదు. ఎక్కడనో గల మహా గణనయంత్రములు భూగోళమంతటిని గళ్ళుగా విభజించి కట్టిన లెక్కనుండి వచ్చును. ఇవి నిశ్చయముగా మేలైనవి. మన దేశమున 2025 మే 26వ తేదిని ప్రారంభింపబడిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆఱు కిలోమీటర్ల గడితో లెక్క కట్టుచున్నది. అంతకుముందు గడి పండ్రెండు కిలోమీటర్లు. అయినను మన ఉఱుములవాన మేఘము కొన్నిమార్లు ఒక గడిలోనే యిమిడిపోవును. ఒక చెఱువు నిండి ప్రక్కయూరి చెఱువు బీటలు వాఱియుండుట మనకు క్రొత్త కాదు. అంతేగాక గణనయంత్రము “నూటికి నలువది పాళ్ళు వాన రావచ్చును” అని చెప్పినను ఫలకము దానిని బొమ్మగా మార్చునప్పుడు ఆ నలువదిని మింగివేసి చినుకులనో సూర్యునినో చూపును. రైతునకు కావలసినది ఆ నలువదియే. విత్తనము సిద్ధముగా నున్నవాడు నలువదికి ఒక విధముగను, కల్లములో కాయ యారవేసినవాడు అదే నలువదికి వేఱొక విధముగను నిర్ణయించుకొనును. బొమ్మ ఇద్దఱికిని ఒక్కటే చెప్పును.

“మా యంత్రము నూటికి డెబ్బదియైదు పాళ్ళు నిజము చెప్పును” అను మాట కొన్ని కరపత్రములలో కనబడును. ఈ మాటను తూచు త్రాసును మీ చేతికిచ్చెదను. ఈ పాఠములో నాకు మిక్కిలి ఇష్టమైన భాగమిదియే. 1884లో అమెరికా సైన్యపు వాతావరణ విభాగమునందలి ఫిన్లీ యను నాతడు సుడిగాలులను ముందుగా చెప్పుటకు పూనుకొనెను. మొత్తము 2,803 సూచనలు చేసెను. సుడిగాలి వచ్చునని 100 మార్లు చెప్పగా 28 మార్లు వచ్చెను, 72 మార్లు రాలేదు. రాదని 2,703 మార్లు చెప్పగా 2,680 మార్లు రాలేదు, 23 మార్లు వచ్చెను. సరిపోయినవి 28యు 2,680యు కలిసి 2,708. అనగా నూటికి 96.6. గొప్ప విజయమని యాతడు ప్రకటించెను. అప్పుడు గిల్బర్టు అను శాస్త్రజ్ఞుడు లేచి, ఇంట గూర్చుండి ప్రతిదినము “సుడిగాలి రాదు” అని చెప్పినవానికి 2,752 సరిపోవును, అనగా నూటికి 98.2 అని లెక్క చూపెను. ఏమియు తెలియనివాడు తెలిసినవాని కంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నాడు!

మన జిల్లాలో వాన లేని దినములే మిక్కిలి యెక్కువ. ప్రతిదినము “వాన రాదు” అని చెప్పు నొక చిలుక కూడ డెబ్బదియైదు పాళ్ళను సులభముగా దాటిపోవును. కావున యంత్రము నెన్నిమార్లు నిజము చెప్పినదని యడుగవలదు. వాన వచ్చిన దినములలో ఎన్నింటిని ముందుగా చెప్పినది? వాన యని చెప్పినవానిలో ఎన్ని వట్టివాయెను? ఈ రెండు ప్రశ్నలనే యడుగుడు. పుస్తకములో నాలుగు గళ్ళు గీయుడు: చెప్పగా వచ్చినది, చెప్పగా రానిది, చెప్పకయే వచ్చినది, చెప్పనిది రానిది. జూను మొదలు నవంబరు వఱకు ప్రతిదినమును ఒక గడిలో గీత గీయుడు. కడపటి గడి ఎంత నిండినను దానిని చూచి మురియవలదు. అది చిలుక గడి. మొదటి మూడు గళ్ళే యంత్రపు విలువను తెలుపును.

వాన వచ్చినదనుటకు ఒక నియమము కావలెను గదా. భారత వాతావరణ శాఖ (ఇది 1875లో స్థాపింపబడినది) లెక్కలో 2.5 మిల్లీమీటర్లో అంతకు మించియో పడిన దినమే వాన దినము. దానిని కొలుచుటకు ఫలకముతో వచ్చు వానపాత్రను మాత్రమే నమ్మవలదు. దాని లోపల చిన్న త్రాసు తొట్టి నిండి ఒరిగినప్పుడెల్ల ఒక లెక్క పడును. సాలెపురుగు గూడు కట్టినను, మన ధూళి పేరుకొన్నను ఆ తొట్టి ఒరుగదు. వాన కురిసినను సున్నయే కనబడును. నిలువు గోడలును సమమైన అడుగును గల గాజు పాత్రనొకదానిని చెట్టునకును గోడకును దూరముగా నిలిపి, లోపలి నీటి లోతును కొలబద్దతో కొలిచినను చాలును.

విత్తనము వేయుటకు, కాయ పీకుటకు ముందు చూడవలసినవి వేఱు గలవు. వాతావరణ శాఖవారి జిల్లా సూచనలును, 2019లో వెలువడిన మేఘదూత్ యాప్‌లో తెలుగున వచ్చు పంట సలహాలును ఉచితముగా లభించును. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ గలదు. పొలములో పనిచేయువారి ఫోనులో అది యుండుట యవసరము. భూమిలో పదును ఎంత దిగినదో మాత్రము ఏ ఫలకమును, ఏ యాప్‌ను చెప్పజాలదు. దానికి పారతో జానెడు లోతు త్రవ్వి, మట్టిని పిడికిట పట్టి చూచు పెద్దల పద్ధతియే నేటికిని సరియైన కొలత.

మీ వానపుస్తకమున ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకే కొలత వ్రాయుడు. దేశమందంతట వాన కొలుచు వేళ యదియే; మీ యంకెను అధికారుల యంకెతో పోల్చుటకు వీలగును. రాత్రి కురిసిన వాన ఆ యుదయపు తేదికి చేరును. వాన లేని దినమున సున్న యని వ్రాయుట మఱువవలదు. ఖాళీగా వదలిన గడికి వాన రాలేదనియు, మీరు చూడలేదనియు రెండర్థములు వచ్చును.